బిస్కట్ అచ్చులు చెప్పిన గుట్టు

భివండీలో ఉన్న తెలుగు ముసలివాళ్ళందరిలో కుకీల కిటుకు పట్టినవాణ్ణి నేనొక్కణ్ణే. నమ్మకపోతే శాంతి నగర్‌లో మా గల్లీ మొదట్లో ఉన్న చాయ్ బండి దగ్గర అడగండి. ఫోనులో ఏ పేజీ తెరిచినా అడుగు నుంచి ఒక డబ్బా లేచి ‘కుకీలు పెట్టుకుంటాం, ఒప్పుకుంటావా?’ అంటుందే, దాన్ని చూసి కొందరు బెదురుతారు, మిగతావాళ్ళు చూడకుండానే నొక్కేస్తారు. నేను ఆ డబ్బా వెనక ఎవడున్నాడో ఎవరి సాయమూ లేకుండా ఒక్క పూటలో కనిపెట్టాను. కనిపెట్టి ఊరుకోలేదు. ఆ కుకీల నోటితోనే మా ఇంట్లో దాగిన గుట్టు ఒకటి కక్కించాను.

నాకిదేం గొప్ప కాదు లెండి. కళ్ళు మూసుకుని కూర్చుని, చప్పుడును బట్టి ఏ సాంచ మీద పోగు తెగిందో చెప్పేవాణ్ణి నేను. సాంచ అంటే మరమగ్గం. కరీంనగర్ వైపు నుంచి వచ్చి ఇక్కడ పాతుకుపోయిన మా నేతవాళ్ళ నోట మరమగ్గం అన్న మాట రాదు, అది పుస్తకాల మాట. మాకు సాంచే. ఈ మాటను కాస్త గుర్తు పెట్టుకోండి, దీనితో ముందు పని ఉంది. మొన్నటి వానాకాలంలో ఒక నాడె, అంటే పడుగు మధ్య అటూ ఇటూ పరిగెత్తే ఇనుప మొనల కర్ర, దారి తప్పి సాంచలోంచి నా మీదికి ఎగిరి వచ్చింది. దాని ఈల విని తల పక్కకు తిప్పుకున్నాను. వెళ్ళి గోడకు గుచ్చుకుంది. నా చెవి అట్లాంటి చెవి.

మా ఇల్లు కింద కార్ఖానా, పైన కాపురం. కార్ఖానా ఇప్పుడు కొడుకు చూసుకుంటున్నాడు. సగం సాంచలు నడుస్తున్నాయి, సగం గుడ్డలు కప్పుకుని ఉన్నాయి. నా భార్య మూలన కూర్చుని మిషను మీద నూలు కండెలు చుడుతుంది. కోడలు ఊరి బయట పూర్ణ అనే చోట ఒక గోడౌన్‌లో పని చేస్తుంది. జనం వద్దని వెనక్కి పంపిన పార్శిళ్ళను కంప్యూటర్లో ఎక్కించే పని. పొద్దున షేర్ ఆటోలో పోయి సాయంత్రం అదే ఆటోలో నలిగి వస్తుంది. ఉన్నది మేం నలుగురమే.

మాకు ఇంటి ఫోను ఒకటి ఉంది. కొడుకు కొత్తది కొనుక్కున్నాక పాతది, అద్దం పగిలినది, కిటికీ దగ్గర ఛార్జరుకు తగిలించి వదిలేశాడు. గల్లీ నల్లాలాగా ఎవరొస్తే వాళ్ళు తిప్పుకోవడమే. కొడుకు దాని మీదే కరెంటు బిల్లు చూస్తాడు. కోడలు ఏదో ట్రైనింగ్ పాఠాలు వింటుంది. నేను వార్తలు చదువుతాను. నా భార్యకు చదువు రాదు, అయినా అందరికంటే ఎక్కువ వాడేది తనే. మైకు బొమ్మ నొక్కి దానితో బజారు హిందీలో మాట్లాడుతుంది. వాన వస్తుందా అంటుంది, ఏకాదశి ఎప్పుడంటుంది. ఈ మధ్య బంగారం రేటు అడగడం కూడా మొదలుపెట్టింది. నేను ఎదురు గోడకు ఆనుకుని కూర్చుని చూశాను. మేం సాంచల మధ్య బతికినవాళ్ళం. ఆ మోతలో మాట వినబడదు గనక పెదాలు చూసి మాట పట్టడం మాకు పసితనం నుంచీ వచ్చిన విద్య. ఆమె పెదాలు ‘బంగారం’ అన్నాయి. ఈ వయసులో దీనికి బంగారం మీద మనసేమిటా అని నవ్వుకున్నాను.

ఇంకో విద్య కూడా మా చేతికి అబ్బింది. ప్రతి సాంచ మోటారుకూ రెండు బటన్లు ఉంటాయి. పచ్చది నొక్కితే నడుస్తుంది, ఎర్రది నొక్కితే ఆగుతుంది. కరెంటు పోయి వచ్చిందా, కళ్ళకంటే ముందు చెయ్యి పచ్చదాని మీదికి పోతుంది. చూసి నొక్కితే ఆలస్యం. ఫోనులో ఆ డబ్బా లేచినప్పుడూ నా చెయ్యి అంతే చేసేది. ‘అన్నీ ఒప్పుకుంటాను’ అన్న బటను పచ్చగానో నీలంగానో మెరుస్తూ ఉంటుంది. ‘వద్దు’ అన్నది పక్కనే, ఉతికి ఉతికి రంగుపోయిన లుంగీలా, ఉందో లేదో అన్నట్టు ఉంటుంది. నేను మెరిసేదే నొక్కాను. ప్రతిసారీ అదే.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. నాడె ఈల నేను వినలేదు.

కింద ఒక కండె పడి ఉంటే తీద్దామని వంగాను. లేచేసరికి నా భార్య నోరు తెరుచుకుని ఉంది. కొడుకు పరిగెత్తుకొస్తున్నాడు. వాళ్ళ చూపు పోయిన వైపు తిరిగి చూస్తే నాడె గోడలో ఉంది. అప్పుడు అర్థమైంది ఏదో జరిగిందని. సాంచ మీద పోగు తెగిన సంగతి చెవితో పట్టిన మాట కూడా పాత మాట. చాలా కాలంగా అది నాకు పాదాల్లోంచి తెలుస్తోంది. చెప్పులు విడిచి నిలబడితే గచ్చు వణుకులో ఒక సాంచ తగ్గిన సంగతి అరికాళ్ళు చెబుతాయి. చెవులు ఎప్పుడు పోయాయో నాకు తెలియదు. ఈ మోతలో ఎవడికీ ఏదీ వినబడదు గనక, వినబడనివాడెవడో తేలదు.

కానీ మా కార్ఖానాలో ఒక నియమం ఉంది. చెవి మందగించినవాణ్ణి సాంచల నడుమ నిలబెట్టరాదు. పెట్టినవాణ్ణి నేనే. ‘ఆగు’ అంటే ఆగనివాడు తనకూ పక్కవాడికీ ముప్పే. ఆ నియమం నా మీదికి వస్తే నేను పైన కిటికీ దగ్గర, ఆ పగిలిన ఫోను పక్కన ఇంకో పగిలిన ఫోనులా ఉండిపోవాలి. కార్ఖానాలోకి దిగకపోతే నాకు పొద్దు గడవదు. గడవడం అటుంచి, పొద్దు ఎందుకు పొడిచిందో తెలియదు. అందుకని ఎవరూ లేనప్పుడు ఫోనులో, పలకకుండా, ఒక్కో అక్షరం వెతికి నొక్కి, చెవి మిషను గురించి అడిగాను. ఏవో దుకాణాల పేజీలు తెరుచుకున్నాయి. డబ్బాలు లేచాయి. చెయ్యి మెరిసేవన్నీ నొక్కింది.

మర్నాటి నుంచి మొదలైంది. వార్తల పేజీ తెరిస్తే వాన వార్త కింద చెవి మిషను. పంచాంగం తెరిస్తే తిథికీ నక్షత్రానికీ మధ్య చెవి మిషను. తెల్లగడ్డం ముసలాయన ఒకడు చెవి వెనక వేలు పెట్టుకుని నన్నే చూసి నవ్వుతున్నాడు. కొడుకు బిల్లు చూడటానికి ఫోను తీస్తే వెనకే వెళ్ళి నిలబడేవాణ్ణి. వీడు అక్కడా ప్రత్యక్షమై ‘మీ నాయనే నన్ను పిలిచాడు’ అంటే?

మాకు శుక్రవారం కార్ఖానా బందు. మోత ఉండదు. ఆ రోజు కోడలికీ సెలవు దొరికింది. ఉల్లిగడ్డలు కోస్తుంటే ఆమె ఎదురుగా, పెదాలు కనబడే చోట కూర్చున్నాను.

“బిడ్డా, నా దోస్తు ఒకాయన ఉన్నడు. ఆయన ఫోన్ల ఏది తెరిశినా ఒక్కటే సామాన్ కనవడ్తుందట. గదేం కత?”

“ఏం సామాన్ మామా?”

“గదే... మోకాళ్ళ నూనె.”

ఆమె కిటికీ దగ్గరున్న ఫోను వైపు చూసింది, నా వైపు చూసింది. “మీ దోస్తుకు నొప్పి మోకాళ్ళల్లనేనా మామా?”

“మోకాళ్ళే. సాంచ మీద నిలవడి నిలవడి.”

“మంచిది. ఆయన ఫోన్ల కుకీ వడ్డది.”

“కుక్క వడ్డదా?”

“కుక్క గాదు మామా, కుకీ! బిస్కట్ అన్నట్టు.”

“బిస్కట్ ఫోన్ల ఎట్ల వడ్తదే? చాయ్‌ల వడ్తది గాని.”

ఉల్లిగడ్డ ఘాటుకో నా మాటకో ఆమె కళ్ళు తుడుచుకుంది. “పేరే గట్లున్నది. అది చిన్న చిట్టి. మీ దోస్తు ఒక దుకాణం పేజీల పోయిండు. ఆ దుకాణపోడు ఆయన ఫోన్ల ఒక నంబర్ చిట్టి వెట్టిండు. మల్ల పోతే ఆ చిట్టి చూసి ‘అరే, వహీ ఆద్మీ ఆయా’ అని గుర్తువడ్తడు.”

“అంటే దొంగ చిట్టీ.”

“అన్ని దొంగయి గావు. కరెంట్ బిల్లు పేజీల మనం ఒక్కపారి లోపటికి పోతే మల్ల మల్ల పాస్‌వర్డ్ అడగదు గద? గది ఆ చిట్టితోనే. అది లేకుంటె గడియకొక్కపారి ‘తూ కౌన్, నువ్వెవలు’ అని అడుగుతది.”

“సరే, దుకాణపోడు దుకాణంల గుర్తువడ్తడు. మరి వార్తల పేజీలకు వాడెట్ల ఒచ్చిండు? వాన వార్తకు, చెవికి...” నాలుక కరుచుకున్నాను. “మోకాలికి ఏం సంబంధం?”

ఆమె నవ్వు ఆపుకుంది. “అది బయటోని చిట్టి మామా. దుకాణంల వాని మనిషుంటడు, వార్తల పేజీల వాని మనిషుంటడు. మన దలాల్ లెక్క. ఏ కార్ఖానాల ఏం బట్ట నేస్తుండ్రో అన్ని తిరిగి చూసి, ఇక్కడి ముచ్చట అక్కడ చెప్తడు సూడు, గట్ల.”

నాకు అప్పుడు అర్థమైంది. మా కార్ఖానాలో బట్ట తాను దిగగానే అంచు మీద సుద్దతో సాంచ నంబరు వేస్తాం. బట్ట ఎక్కడికి పోయినా ఆ గుర్తు చూసి అది ఏ సాంచదో, ఎక్కడ తప్పు పడిందో చెప్పొచ్చు. అది మన పని కోసం మనం వేసే గుర్తు, మంచిదే. కానీ మధ్యలో దలాల్ ఒకడు, అంటే బేరాలు కుదిర్చేవాడు, దూరి ప్రతి కార్ఖానాలో ప్రతి తాను మీదా తన గుర్తు కూడా వేసుకుంటూ పోతే, వాడికి మొత్తం శాంతి నగర్, కనేరి, అన్నీ అరచేతిలో ఉంటాయి. కుకీల్లో మంచి చెడ్డలు అంతే. చాయ్ బండి దగ్గర నేను ఈ పోలికే చెప్పి పేరు తెచ్చుకున్నాను. సుద్ద మాట నాది. దలాల్ మాట కోడలిది. అక్కడ రెండూ నావే అని చెప్పాను, ఇక్కడ పంచుకుంటున్నాను. ఒక్క పూటలో ఎవరి సాయమూ లేకుండా అన్నానే, అదీ వెనక్కి తీసుకుంటున్నాను.

ఆమె చెయ్యి తుడుచుకుని ఫోను తెచ్చి చూపించింది. సెట్టింగుల్లోకి పోయి ప్రైవసీ అన్న చోట నొక్కితే, బయటివాళ్ళ కుకీలు ఆపు అని ఒకటి ఉంటుంది. దాన్ని వేస్తే దలాల్ గుమ్మం దగ్గరే ఆగుతాడు. ఏ పేజీ ఏ గుర్తు వేసిందో కూడా అక్కడ కనబడుతుంది. వద్దనుకున్న పేజీ ఒక్కదాని గుర్తే చెరపొచ్చు. అన్నీ ఒక్కసారి చెరిపితే మాత్రం దలాల్‌తో పాటు మనవాళ్ళూ మనల్ని మరిచిపోతారు, అన్ని చోట్లా మళ్ళీ పాస్‌వర్డ్ కొట్టుకోవాలి. ఎవరూ గుర్తు పెట్టుకోకుండా ఒకసారి చూసి రావాలంటే చాటు కిటికీ ఒకటి ఉంటుంది. అది మూస్తే ఆ పూట పడ్డ గుర్తులన్నీ పోతాయి.

“ఆ డబ్బా లేశినప్పుడు వద్దంటె పేజీ తెరుసుకుంటదా?” అన్నాను.

“మంచిగ తెరుసుకుంటది. ‘వద్దు’ అని సన్నగ రాసి ఉంటది, లేకుంటె ‘అవసరమున్నయి మాత్రమే’ అని ఉంటది. అది నొక్కుండ్రి. కండ్లతోని చూసి నొక్కుండ్రి మామా, చేతితోని గాదు.” నా మోకాళ్ళ వైపు చూసి, “మీ దోస్తుకు చెప్పుండ్రి” అంది.

బయటివాళ్ళను ఆపే బటను ఆమె అప్పుడే వేస్తానంది. నేను వద్దన్నాను, దోస్తుకు చూపించాలి కదా, నేనే వేస్తానన్నాను. ఆమె అటు పోగానే చెవి మిషను దుకాణాల గుర్తులూ, వాటి దలాల్ గుర్తులూ ఒక్కొక్కటి ఏరి చెరిపేశాను. గడ్డం ముసలాయన పోయాడు. ఆ సంబరంలో బయటివాళ్ళను ఆపే బటను వెయ్యడం మరిచిపోయాను. మరిచిపోయి ఉండకపోతే ఈ కథ ఇక్కడితో అయిపోయేది.

వారం తిరగకుండానే వార్తల కింద బిస్కట్ అచ్చులు మొలిచాయి. చుక్క ఆకారంవి, పువ్వు ఆకారంవి, చేప ఆకారంవి. మా ఇంట్లో బిస్కట్లు కాల్చేవాళ్ళు లేరు, కాల్చే పొయ్యీ లేదు. కుకీలు చెరిపినందుకు ఫోను నన్ను వెక్కిరిస్తోందనుకుని నవ్వాను కూడా. మరుసటి రోజు అచ్చుల పక్కనే ఇంకొకటి వచ్చింది. ‘పాత యంత్రాలు, పాత ఇనుము కొంటాం. ఇంటికే వచ్చి తూకం.’

నా నవ్వు ఆగిపోయింది.

హిందీలో సాంచా అంటే అచ్చు. బిస్కట్ అచ్చైనా జంతికల అచ్చైనా అదే మాట. మగ్గాన్ని సాంచ అనేది మేమే. ఎవరో ఈ ఫోనును ‘పాత సాంచకు ఎంతొస్తుంది’ అని అడిగారు. ఫోనుకు మా భాష తెలియక బిస్కట్ అచ్చులు తెచ్చి చూపించింది. వాళ్ళు విసుక్కుని మాట మార్చి ఇనుము అని అడిగారు. రెండు దుకాణాల్లోనూ అడుగు పెట్టారు. రెండు గుర్తులూ పడ్డాయి. దలాల్ రెండింటినీ తెచ్చి పక్కపక్కన నా ముందు పరిచాడు.

ఎవరు? కోడలు ఈ ఫోనులో పాఠాలు తప్ప ఏమీ చూడదు, పగలంతా ఇంట్లో ఉండదు. నా భార్య బంగారం రేటు దాటి పోదు. మిగిలింది కొడుకు.

మా గల్లీలో ఒక్కో కార్ఖానా మూగపోవడం చూస్తూనే ఉన్నాను. సాంచలను ముక్కలు చేసి లారీకెక్కిస్తారు. నేల మీద వాటి కాళ్ళ గుంటలు మిగులుతాయి. ఆ గుంటలు పూడ్చి గోడౌన్‌కు అద్దెకిస్తారు. మా వంతు రాదని నేను ఎందుకు అనుకున్నానో తెలియదు. ఆ రోజు నుంచి కొడుకు సాంచ మీద చెయ్యి వేస్తే తూకం వేస్తున్నట్టే కనబడింది. నూనె పొయ్యకపోతే ‘అమ్మేదానికి నూనెందుకనుకున్నాడు’ అనుకున్నాను. పోస్తే ‘మెరిపించి అమ్ముతాడు’ అనుకున్నాను. వాడు అన్నం ముందు కూర్చుని ఏదో అంటే, వినబడక కాదు, వినబుద్ధి కాక తలొంచుకుని తిన్నాను. వినబడను కూడా లేదనుకోండి.

ఒక మధ్యాహ్నం ఉండబట్టలేక ఫోను తీసి ‘అన్నీ చెరుపు’ నొక్కేశాను. పిచ్చి పని అని తెలుసు. ఫోనులో గుర్తు పోతే వాడి బుర్రలో ఆలోచన కూడా పోతుందన్నట్టు నొక్కాను. అచ్చులు పోయాయి, పాత ఇనుము పోయింది. బిల్లు పేజీ కొడుకును మరిచిపోయింది, పాఠాల పేజీ కోడలిని మరిచిపోయింది.

“ఎవలు చెరిపిండ్రు బాపూ?” అన్నాడు కొడుకు సాయంత్రం.

“నాకేం ఎర్క? పాత ఫోను. దానికే మతిమరుపొచ్చిందేమో.”

నాలుగైదు రోజులకు ఆ ఇనుము దుకాణం మళ్ళీ తిరిగొచ్చింది. ఎవరో మళ్ళీ అడిగారన్నమాట. గుర్తు చెరపగలంగానీ, ఆ దుకాణానికి నడిచిపోయే కాళ్ళను ఏ బటనూ ఆపలేదు.

ఇక దిగిపోయాను కార్ఖానాలోకి. సాంచలు నడుస్తున్నాయి. ఆ మోతలో, కొడుకు ముందు నిలబడి, పెదాలతో, చేతులతో కొట్లాట పెట్టుకున్నాను. పక్కన పనివాళ్ళు తలెత్తలేదు, ఏదో సరుకు సంగతి అనుకుని ఉంటారు. నేను గొంతు పెంచుతూ పోయాను. ఎంత పెంచానో నాకు తెలియదు. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. సాంచలన్నీ ఆగాయి. నా గొంతొక్కటే గల్లీ అంతా పాకింది.

“నా సాంచలమ్ముకుంటావురా, దొంగముండాకొడకా!”

గుమ్మం దగ్గర జనం చేరారు. కొడుకు ముఖం ఎర్రబడింది. నాకు కనబడేలా, మాట మాట విడగొట్టి అన్నాడు. “నేనెవ్వల్ని అడగలే బాపూ. భంగార్‌వాలాలు దినాం మన గల్లీలనే తిరుగుతరు. రేటు నాకు నోటికే ఉన్నది. నేను ఫోన్‌ను ఎందుకడుగుత?”

భంగార్ అంటే ఇక్కడి భాషలో తుక్కు. ఇన్నేళ్ళూ ఈ ఊళ్ళో ఉండి, బంగారానికీ భంగార్‌కూ ఒక్క ఒత్తే తేడా అని నవ్వుకున్నవాణ్ణే నేను. ఆ రోజు నవ్వు రాలేదు. వాడి మాట నమ్మలేదు. మూలన నా భార్య కండె మిషను మీద చెయ్యి ఆపి నేల చూస్తోంది. కొడుకు పరువు పోతోందని బాధపడుతోంది అనుకున్నాను.

కరెంటు వచ్చింది. బల్బు వెలగడం చూశాను. చెయ్యి పచ్చ బటను మీదికి పోయింది.

నొక్కబోయే లోపల కొడుకు నా మణికట్టు పట్టుకున్నాడు. గట్టిగా, ఎముక నొచ్చేలా. రెండో చేత్తో నా తల పట్టి పక్కకు తిప్పాడు. కరెంటు లేని సందు చూసుకుని పనివాడు ఒకడు ఆ సాంచలోకి వంగి తెగిన పోగులు అతుకుతున్నాడు. రెండు చేతులూ మోచేతుల దాకా లోపలున్నాయి. నోరు తెరిచి ఉంది. ‘ఆగండి’ అని అరుస్తున్నాడు. ఎప్పటి నుంచి అరుస్తున్నాడో.

కొడుకు నా చెయ్యి వదిలేశాడు. ఆ పనివాడు చేతులు బయటికి తీసుకుని, ఒకసారి వాటిని చూసుకుని, లుంగీకి తుడుచుకున్నాడు. నేను మెట్లెక్కి పైకొచ్చేశాను. మళ్ళీ దిగలేదు. దిగవద్దని ఎవరూ చెప్పలేదు.

పైన కూర్చునే ఇదంతా రాశాను. రాసి నా భార్యకు చదివి వినిపించాను, తను చదవలేదు గనక. మీరు చదివినదే ఆమె కూడా విన్నది, దీని చివర మాత్రం ఇట్లా ముగించాను: ‘కొడుకు ఈనాటికీ ఒప్పుకోలేదు. నేను కనిపెట్టేశానని తెలిసి వెనక్కి తగ్గాడు. కన్నవాణ్ణి గనక క్షమించాను. కుకీలే లేకపోతే నా సాంచలు ఎప్పుడో లారీ ఎక్కేవి.’

ఆమె బెండకాయలు తరుగుతూ వింటోంది. కత్తిపీట పక్కకు పెట్టి, లేచి వచ్చి, నా ఎదురుగా ముఖంలో ముఖం పెట్టి కూర్చుంది.

“బంగారం అని రాసినవా?”

“రాసిన. అడగలేదా నువ్వు?”

“నేను ఫోన్‌తోని ఏ భాషల మాట్లాడుత?”

“హిందీల.”

“హిందీల బంగారాన్ని ఏమంటరు?”

నేను నోరు తెరిచాను. “సోనా” అన్నాను.

“మరి నా నోట్లె నీకు బంగారం ఎట్ల గనవడ్డది? భంగార్ అన్న. భంగార్! మన సాంచలు భంగార్ల ఏ రేటుకు పోతయని అడిగిన. ముందుగాల సాంచ అంటే అది బిస్కట్ అచ్చులు చూపెట్టింది. నువ్వు చెరిపినంక మల్ల అడిగిన. పోరడు ఏం జేసిండు పాపం? గల్లీ ముందట వాని ఇజ్జత్ తీస్తివి. మల్ల క్షమించిన అని రాసుకుంటున్నవ్!”

“నువ్వెందుకే? నువ్వు కూడ ఆ సాంచల మీదనే...”

“నాడె వచ్చిననాడు నువ్వు వంగింది నా గంపలకెళ్ళి పడ్డ కండె కోసం. అది పడకుంటె ఈ కాయితం రాయనీకె నువ్వున్నవా? నీకు చెవుల్లేవని ఈ గల్లీల చాయ్ బండోనికి గూడ ఎర్కనే. మోకాళ్ళ నూనె అంటివట, కోడలు నవ్వలేక సచ్చింది. సాంచలు నీ చెవులు తిన్నయ్. మొన్న నీ చేతితోని పరాయి పిల్లగాని చేతులు తినెటియి. ఇంకేం తినెదాంక ఉంచుదాం? సగం సాంచలు ఊకెనే ఉన్నయి. ఒచ్చే శుక్రవారం ఒకాయన సూడనీకె వస్తడు. రమ్మన్నది నేను.”

కాగితం నా చేతిలోంచి తీసుకుంది. తిరగేసి పట్టుకుని, చదువు వచ్చినదానిలా పైనుంచి కిందికి చూసి, నా ఒళ్ళో పడేసింది.

“కొడుకు అని ఉన్నకాడ కొట్టేసి నన్ను రాయి. రాసినంక మల్ల జోరుగ సదవకు, నాకు మంచిగనే ఇనొస్తది. ఇనరానిది నీకు.”